మాడిపోయిన రెండో ట్రే

ఆ భవనంలో ఆవిడ అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఇస్త్రీ అత్తయ్యే. కింది వీధి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా ఇస్త్రీ చేస్తోంది. బట్ట మాడబోతోందంటే ముందు ఆవిడ ముక్కుకే కబురందేది. ఇంట్లో జామ్ బిస్కట్లు కూడా ఆ ముక్కుతోనే కాల్చేది. పిండి ఉండలు చేసి, బొటనవేలితో నడుమ గుంట నొక్కి, జామ్ నింపి ఓవెన్‌లోకి తోసేది. గడియారం చూడటమంటే ఆవిడకు చిన్నతనం. పచ్చి వెన్న వాసన పోయి కమ్మటి వాసన రాగానే తీసేసేది. ఒక్కటి మాడితే ఒట్టు.

నెలకోసారి భవనంలోని వాళ్లంతా ఎవరో ఒకరింట్లో చేరి లిఫ్టు గురించీ నీళ్ల గురించీ పోట్లాడుకుంటారు. ఎవరింట్లో చేరినా బిస్కట్లు మాత్రం అత్తయ్యవే. నోటి నిండా బిస్కట్ ఉంటే మనిషి సగమే అరవగలడు గనుక ఆ సమావేశాలు ఇన్నేళ్లూ సజావుగా సాగాయి.

మూడు నెలల క్రితం ఆవిడకు జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ముక్కుకు వాసన తెలియడాన్ని వెంటబెట్టుకుపోయింది. “రావచ్చు, రాకపోవచ్చు” అన్నాడు డాక్టరు, అదేదో ఆలస్యమైన బస్సు సంగతైనట్టు. ఈ విషయం ఇద్దరికే తెలుసు: అత్తయ్యకూ, బస్సు కండక్టరుగా రిటైరైన ఆవిడ భర్తకూ. లాండ్రీ యజమానికి తెలిస్తే ఇస్త్రీపెట్టె ముట్టుకోనివ్వడని భయం. అంతకన్నా పెద్ద దిగులు పై అంతస్తులో ఉంది. జ్వరం తగ్గిన నెలకు కూతురికి ఆడపిల్ల పుట్టింది. రోజూ ఆ పసిదాని తలకు ముక్కు ఆనించి గట్టిగా పీలుస్తుంది. ఏమీ ఉండదు. కిటికీ అద్దాన్ని వాసన చూసినట్టే.

“పాల వాసన ఎంత బాగుందో కదమ్మా!” అని కూతురు మురిసిపోతే, “అచ్చం నీలాగే” అని అబద్ధం చెప్పి, కిందికొచ్చి ఏడ్చింది.

బిస్కట్లు మానేస్తే జనం కూపీ లాగుతారు. అందుకని కండక్టరు గారు ఓవెన్ పక్కన చేతిగడియారంతో డ్యూటీ ఎక్కారు.

“పన్నెండు నిమిషాలు. పదమూడో నిమిషం పడిందో, మీ సంగతి చెప్తా,” అంది అత్తయ్య. అలా రెండు నెలలు గట్టెక్కారు.

మూడో నెల సమావేశం వాళ్లింట్లోనే. మొదటి ట్రే పళ్లెంలోకి చేరి అప్పుడే సగమైంది. రెండోది లోపల కాలుతోంది. కండక్టరు గారు వంటింటి గుమ్మంలో బుద్ధిగానే నిలబడ్డారు, భవనం సెక్రటరీ నోరు తెరిచేదాకా.

“లిఫ్టు వచ్చే నెలలో బాగైపోతుందండీ.”

“ఏ సంవత్సరంలో వచ్చే నెలండీ?” అంటూ కండక్టరు గారు హాల్లోకి దూకారు. ఇక ఆయన్ను ఆపడం ఎవరి తరం? కిక్కిరిసిన బస్సుల్లో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు అది. గడియారం జేబులోకి వెళ్లింది. ఓవెన్ సంగతి గాలికి పోయింది.

అత్తయ్య టీ పోస్తోంది. మూడో కప్పు సగంలో ఉండగా చెయ్యి ఆగింది. ముక్కులో ఏదో చురుక్కుమంది. కాలరు రంగు మారేముందు ఇస్త్రీపెట్టె కిందినుంచి వచ్చే ఘాటు. చుట్టూ చూసింది. ఒక్కరూ కదల్లేదు.

“మాడుతోంది!” అని అరిచింది.

“ఏంటి?”

“నా బిస్కట్లు!”

పరుగున వెళ్లి ఓవెన్ తలుపు తీస్తే పొగ మొహాన కొట్టింది. జామ్ పొంగి నల్లగా గడ్డకట్టింది. ఇరవై నాలుగు బిస్కట్లూ బొగ్గే. అప్పటిగ్గానీ హాల్లోవాళ్లు ముక్కులు ఎగబీల్చలేదు.

కండక్టరు గారు దొంగలా వచ్చి నిలబడ్డారు. “కొంప ముంచాను. తిట్టు. తిట్టవే...” అంటూ ఆగిపోయారు. “అవునూ, నీకెలా తెలిసింది?”

ఆవిడ మాడిన బిస్కట్‌ను గుడ్డతో పట్టుకుని ముక్కుకు ఆనించుకుంది. నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఆయన గోడకు చేరగిలబడి “హమ్మయ్య” అన్నారు.

సెక్రటరీ భార్య గుమ్మంలోంచి ట్రే చూసి నొచ్చుకుంది. “అయ్యో అత్తయ్యా! ఇన్నేళ్లలో ఒక్కటీ మాడలేదే. పోన్లెండి, బాధపడకండి.”

“బాధా? నాకా?” అంటూ అత్తయ్య ఆమెను దాటుకుని తిన్నగా హాల్లో పిల్లతో కూర్చున్న కూతురి దగ్గరికెళ్లి, పసిదాన్ని ఎత్తుకుని బాల్కనీలోకి నడిచింది.

తల మీద ముక్కు పెట్టి పీల్చింది. పొగే. మెడ దగ్గర ఇంకోసారి పీల్చింది. పొగ అడుగున, చాలా పలచగా, వెచ్చగా, కాస్త పుల్లగా ఇంకేదో ఉంది. కళ్లు మూసుకుని అక్కడే ఉండిపోయింది.

“ఏమే, పిల్ల పాలు కక్కితే మెడ మడతల్లో తుడవక్కర్లేదా?” అని లోపలికి కేకేసింది. “విరిగిన పాల కంపు!”

“అచ్చం నాలాగే ఉందన్నావుగా!” అని కూతురు మూతి ముడుచుకుంది.

“అప్పుడు నాకేం తెలుసే,” అని అత్తయ్య మళ్లీ ఆ మెడ మడతలోనే మొహం దాచుకుంది.