ఫాలిన్‌లో చెప్పిన తత్వం

మంచుకొండ మీది మా సైనిక పోస్టు చేరేసరికి ఉదయం పదకొండు. ఎత్తు ఇరవై వేల అడుగులకు కాస్త తక్కువ. చుట్టూ మంచు తప్ప ఏమీ లేదు. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ఒక రేడియో సెట్, ఆరుగురం. మూడు నెలల డ్యూటీ. తొంభైల చివరి మాట ఇది. బంగారుపాళ్యం మామిడి తోటల ఎండలో పెరిగినవాణ్ణి, అక్కడ ఊపిరి తీసుకోవడమే పెద్ద పనయింది.

మా కెప్టెన్ ఉత్తరాది మనిషి. మంచివాడే. ఆయనకున్న ఒకే ఒక జబ్బు తత్వం. ఎప్పుడో గ్రీకు దేశంలో స్టోయిక్కులని ఉండేవాళ్ళట, వాళ్ళ బోధ ఆయనకు కంఠతా వచ్చు. పొద్దున ఏడింటికి ఫాలిన్‌లో, అంటే హాజరు వరసలో, నిలబెట్టి చెప్పేవాడు. "వాతావరణం మన చేతిలో లేదు. దాన్ని ఎలా తీసుకుంటామన్నదే మన చేతిలో ఉంది." అవతల స్టవ్ ఆరిపోతుంటే ఈ ఉపదేశం. ఒకరోజు బానిస కథ ఎత్తుకున్నాడు. యజమాని ఆ బానిస కాలు మెలిపెట్టి విరుస్తున్నా వాడు కిక్కురుమనలేదట. నాకు ఒళ్ళు మండింది. డబ్బా తిండి తిని నోరు చచ్చిన మనుషులకు చెప్పే కథేనా ఇది?

రేడియో ఆపరేటర్ మాత్రం శ్రద్ధగా వినేవాడు. వాడిది నగరి, మగ్గం నేసే ఇల్లు. నన్ను అన్నా అనేవాడు. సర్వీసు అయ్యాక వాళ్ళ నాయన గుంటమగ్గంలో కూర్చోవాలని వాడి ఆశ. ఆ మగ్గానికి చేతులెంతో, కింద పలకలు తొక్కే కాళ్ళూ అంతే.

బయటివాళ్ళకు ఒక సంగతి తెలియదు. సైన్యంలో ఫాలిన్‌లో ఆఫీసరు ఏం చెప్పినా ఆర్డరే. కెప్టెన్ తనకు నచ్చిన నాలుగు మాటలు చెప్పుకున్నాడు. మా నగరివాడు వాటిని ఆర్డరుగా తీసుకున్నాడు.

మంచుకు వేళ్ళు చచ్చుబడ్డాయేమోనని మా దగ్గర రోజూ ఇద్దరిద్దరు జోడీగా ఒకరి కాళ్ళు ఒకరు చూడాలి. తుఫాను రోజుల్లో వాడి జోడీ జ్వరంతో పడిపోయాడు. తుఫాను తగ్గిన మధ్యాహ్నం నేనే వాడి సాక్సు లాగాను. ఎడమకాలి వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"ఎన్నాళ్ళయిందిరా ఇట్లయి?"

"నాలుగు దినాలైందన్నా."

"సెప్పేదానికి నీకేం రోగం?"

"నొప్పిని ఓర్సుకోమని సారు సెప్పినాడు కదన్నా."

"కథ సెప్పినాడురా సామీ. వట్టి కథ."

"ఫాలిన్‌లో సెప్పినాడు గదా."

కోపమంతా కెప్టెన్ మీదికి మళ్ళింది. "మీ బానిస దొరికాడు సార్, వచ్చి చూడండి" అని హిందీలో గట్టిగానే అన్నాను. ఆయన వచ్చి చూశాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. హెలికాప్టర్ అడగమన్నాడు. సెట్ నడిపేది వాడే కాబట్టి వాడే అడిగాడు.

"పేషెంట్ ఎవరు?" అంది కింద బేస్ క్యాంపు.

"నేనే."

మేఘాలు తొలగితే రేపు ఉదయం అన్నారు. కెప్టెన్ తన కోటు, లోపలి స్వెటర్ విప్పి, మంచుగడ్డలాంటి వాడి పాదాన్ని తన వట్టి పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు.

"సగమే చెప్పాను మీకు. చేతిలో ఉన్నది చేసి తీరాలన్నది కూడా ఆ గ్రీకువాళ్ళ మాటే" అన్నాడు.

మర్నాడు హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. సర్వీసు ముగిశాక నేను రేణిగుంటలో రైలు దిగాను. ఇప్పుడు అక్కడే ఒక గోడౌన్‌కు కాపలా. వాడు మగ్గం నేస్తున్నాడు, ఆ కుంటికాలితోనే పలకలు తొక్కుతూ. లారీలవాళ్ళు ఎవరైనా "ఓర్చుకోవాలప్పా" అంటే ఈనాటికీ కసురుకుంటాను.

కెప్టెన్‌ను మాత్రం పూర్తిగా తిట్టలేను. ఆ సాయంత్రం గుడిసెలో, ఆయన మొహం చూడలేక, "ఏం కాదు సార్, కాలు మన చేతిలో లేదు కదా" అని వాడే ఆయనను ఓదార్చాడు. ఓర్పు నేర్పిన మనిషి ఆ పాదాన్ని అలాగే పొట్టకు హత్తుకుని, మా అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.