పళ్ళ మజ్జిగ కాగితం

1996 జూన్‌లో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. అప్పట్లో ఆ ఉద్యోగమేమిటో ఊళ్ళో చాలామందికి తెలియదు. మా అత్తగారు చుట్టాలతో, కోడలు ఆసుపత్రిలో వంట చూసుకుంటుందని చెప్పేవారు. రెండుసార్లు సరిదిద్ది, తరవాత ఊరుకున్నాను. హోదా ప్రకారం నేను పెద్ద డాక్టరుగారి కింద, వంటగదికి పైన. నిజానికి వంటగదిలో చెల్లేది వంటమనిషి సుబ్బాయమ్మగారి మాటే.

ఉదయం రౌండ్లలో డాక్టరుగారి వెనక నడిచి, కేసు షీటు చదివి, ప్రతి రోగికీ ఒక పథ్యం కార్డు రాయడం నా పని. బీపీ వాళ్ళకి నీలం కార్డు, షుగరు వాళ్ళకి పసుపు, కిడ్నీ జబ్బు వాళ్ళకి ఎరుపు. ఆ రంగు చూసి సుబ్బాయమ్మగారు పళ్ళెం సర్దేవారు. ఇంటికి వెళ్ళేవాళ్ళకి ఏం తినాలో, ఏం మానాలో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలి.

ఇప్పుడు స్మూతీ అని పొడుగాటి గ్లాసుల్లో అమ్ముతున్నదాన్ని మేము ఆ రోజుల్లోనే చేశాం. పేరు మాత్రం పళ్ళ మజ్జిగ. బాగా మాగిన చక్కెరకేళి ఒకటి, నాలుగు బొప్పాయి ముక్కలు, వెన్న తీసిన పెరుగు, నీళ్ళకు బదులు లేత కొబ్బరినీళ్ళు. పంచదార వేయకూడదు, ఐసు వేయకూడదు, వడకట్టకూడదు. పెరుగులో పళ్ళేసి మిక్సీ పట్టడమేం చోద్యమని సుబ్బాయమ్మగారు మొదట ముఖం చిట్లించారు. మామిడిపండు పెరుగన్నంలో పిసుక్కుని తింటాం కదా, అందులోంచి అన్నం తీసేశామనుకోండి అన్నాను. ఆవిడ రుచి చూసి, మర్నాటి నుంచి అది తను కనిపెట్టిందే అన్నట్టు వార్డులో చెప్పుకోవడం మొదలుపెట్టారు. పదకొండు గంటలకు మిక్సీ మోత వినిపిస్తే చాలు, మంచాల మీద రోగులు లేచి కూర్చునేవారు. ఆ మోత, ఆ బొప్పాయి వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఆ వంటగదిలో ఉన్నంత సంతోషంగా నేను మరెక్కడా పనిచేయలేదు.

మరుసటి ఏడు బాషాగారు బీపీతో చేరారు. ఆసుపత్రి వెనక సందులోనే ఆయన టైలరింగు షాపు. ఉప్పు తగ్గించాలి, పళ్ళు పెంచాలి. అరటిపండులో, కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం బీపీకి మేలు చేస్తుంది. అందుకని రోజూ ఉదయం ఒక గ్లాసు పళ్ళ మజ్జిగ అని కాగితం రాసి, చేసే పద్ధతి కూడా వివరంగా రాసి, సంతకం పెట్టాను. ఆయన భార్య మాబున్నిగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని మరీ తీసుకెళ్ళారు.

రెండేళ్ళకు ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయి. అప్పుడు పథ్యం తలకిందులవుతుంది. ఒంట్లోకి వెళ్ళిన పొటాషియాన్ని బయటికి పంపే శక్తి కిడ్నీలకు తగ్గుతుంది. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. నేను కొత్త కాగితం రాశాను. పళ్ళు తినకూడదు, కొబ్బరినీళ్ళు తాగకూడదు, కూరగాయలు ముక్కలు కోసి వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. అన్నీ విడమరిచి చెప్పాను. మాబున్నిగారు తలూపారు. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడు నెలల తరవాత ఒక ఉదయం బాషాగారిని రిక్షాలో తీసుకొచ్చారు. కాళ్ళు లేవడం లేదు, చేతికి కత్తెర పట్టు దొరకడం లేదు. ఈసీజీ చూసిన డాక్టరుగారు రక్తపరీక్ష కోసం ఆగకుండా కాల్షియం ఇంజెక్షను ఇప్పించి, డయాలిసిస్‌కి పంపారు. తరవాత వచ్చిన రిపోర్టులో పొటాషియం ప్రాణం తీసేంత ఉంది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోమని నన్ను పంపారు. మా పద్ధతిలో దీనికొక ప్రశ్నావళి ఉంది. నిన్న లేచింది మొదలు పడుకునేదాకా తిన్నవన్నీ వరసగా చెప్పించాలి. మాబున్నిగారు చెప్పారు. నానబెట్టి వండిన బీరకాయ, ఉప్పు లేని చారు, అన్నం. పండన్నది ఇంట్లోకే రావడం లేదన్నారు. ఇంతలో బాషాగారి అన్న వచ్చి, ఏదో పెట్టి మనిషిని ఇంతదాకా తెచ్చావని నలుగురిలో ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. డ్యూటీ డాక్టరు కూడా రెండు మాటలన్నాడు. ఆవిడ తలొంచుకుని నిలబడ్డారు తప్ప నోరు మెదపలేదు.

పాత రిపోర్టులు చూపించమంటే ప్లాస్టిక్ కవరు తీశారు. మన ఇళ్ళలో ఆసుపత్రి కాగితమేదీ పారేయరు. రేషను కార్డుతో పాటు ఒకే కవరులో పెడతారు. కొత్తది వస్తే దాని పక్కన చేరుతుంది, అంతే. ఆ కవరులో నేను రాసిన రెండో కాగితం నాలుగు మడతల్లో ఉంది. మొదటిదానికి లామినేషను చేయించారు. పైన గోడకు కొట్టిన మేకు చిల్లు, కింద నా సంతకం.

ఆవిణ్ణి వరండాలోకి పిలిచి, ఇది ఇంకా ఇస్తున్నారా అని అడిగాను.

"రోజూ ఇస్తున్నానండీ. నీరసంగా ఉందంటే ఈ నెలలో రెండు పూటలా ఇచ్చాను. పళ్ళు మానేశామండీ. కొబ్బరిబొండం కూడా విడిగా తాగనివ్వట్లేదు. ఇది మందు కదండీ, మీరే రాశారు."

అందరూ తిడుతుంటే ఈ మాట ఎందుకు చెప్పలేదన్నాను.

"లోపల పెద్ద డాక్టరుగారున్నారండీ. మీ పేరు చెబితే మీ ఉద్యోగానికి ఇబ్బందేమోనని ఊరుకున్నాను. మీరు మా మంచికే కదండీ రాశారు."

ఆ కవరును ఆవిడ చేతిలో పెట్టేసి, కారణం తెలియలేదని రాస్తే అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. లోపలికి వెళ్ళి, ఆ రెండు కాగితాలూ డాక్టరుగారి బల్ల మీద పెట్టి, అన్న వింటుండగానే, తప్పు ఈవిడది కాదు, పళ్ళ మజ్జిగ మానమని రాయని నాది అని చెప్పాను. డాక్టరుగారు రెండూ చదివారు. సంఘటనల రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాయమన్నారు. రాసి సంతకం పెట్టాను. ఆ ఏడు నాకు రావాల్సిన ప్రమోషను రాలేదు. అది న్యాయమే.

బాషాగారు గండం గడిచి బయటపడ్డారు. డయాలిసిస్ చేయించుకుంటూనే మరో నాలుగేళ్ళు మిషను తొక్కారు. పళ్ళ మజ్జిగ వార్డులో కొనసాగింది. దానిలో దోషమేమీ లేదు. కొత్త పథ్యం రాసేముందు పాత కాగితం అడిగి తీసుకుని, రోగి ఎదుటే చింపేయాలన్న నియమం పెట్టించాను. కాగితం మీద గడువు తేదీ కూడా రాయడం మొదలుపెట్టాం. రిటైరయ్యేదాకా ఆ నియమం తప్పలేదు.

రోగులు మా మాట వినరని పథ్యం చెప్పేవాళ్ళందరం వాపోతుంటాం. వినని రోగికి మా పొరపాటు తగలదు. అక్షరం పొల్లుపోకుండా వినే రోగికే తగులుతుంది. అందుకే, మాట వినని వాళ్ళకంటే వినేవాళ్ళను ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలని ఆ భార్యాభర్తల వల్ల నేర్చుకున్నాను.