మంగళవారం నాటి చెయ్యి

నా చిన్నప్పుడు నా కోపం ముక్కు మీదే ఉండేది. ఎనభైకి దగ్గరపడ్డాక కూడా అది కిందికి దిగలేదని మా మనవరాలు అంటుంది గాని, అప్పటి కోపం ముందు ఇదేపాటి. ఆ కోపంలోనే ఒకసారి పక్కింటివాళ్ల మంచి గుడ్డ ఒకటి పాడు చేశాను. తరవాత నేను ముప్పయ్యేళ్ల పైన చరిత్ర పాఠాలు చెప్పి బతికానంటే, దానికి మూలం ఆ పాడైన గుడ్డే.

మాది పెడన. నాన్నగారు బందరులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తా. పొద్దున్నే రైలెక్కి వెళ్లి సాయంత్రానికి వచ్చేవారు. నేనప్పుడు థర్డు ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి. అక్కడితో చదువు మానిపించాలని నాయనమ్మ పట్టుబట్టింది. ఆడపిల్లకి ఉత్తరం ముక్క రాయడం వస్తే చాలని ఆవిడ ఉద్దేశం. నాన్నగారు తల్లి మాట కాదనలేరు, నా ఏడుపు చూడలేరు. మధ్యేమార్గంగా ఒక షరతు పెట్టారు. ఆ ఏడు బందరులో పిల్లలకి చరిత్ర వ్యాసాల పోటీ జరుగుతోంది. మా స్కూలు నుంచి ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరూ నేనైతే ఫోర్తు ఫారంలో చేర్పిస్తానన్నారు. కాకపోతే నాయనమ్మ మాటే నెగ్గుతుంది.

ఎవరు వెళ్లాలో తేల్చడానికి మా చరిత్ర మాస్టారు చీటీలు వేసి తలా ఒక వ్యాసం రాయమన్నారు. ఆ చీటీల నిండా యుద్ధాలు, విప్లవాలు, నాగరికతలు. నా పక్కన కూర్చునే పిల్లకి సింధు నాగరికత వచ్చింది. వెనక బెంచీ కుర్రాడికి పానిపట్టు యుద్ధం వచ్చింది. నాకు ఫ్రెంచి విప్లవం తగిలింది. తగవులంటే నాకు మొదటి నుంచీ ఇష్టమే కాబట్టి సంబరపడి ఎనిమిది పేజీలు రాశాను. కోట, ఫిరంగులు, పొగ, అరుపులు, అన్నీ పెట్టాను. జనం ఒకనాడు లేచి రాజు గారి జైలు కోట మీద పడ్డారు, అంతటితో విప్లవం వచ్చేసింది అని ముగించాను.

మాస్టారు అది చదివి, ఆఖరి పేజీ అడుగున ఒక్క ప్రశ్న రాసి తిరిగిచ్చారు. "ముందు రోజు ఏం జరిగింది?" అంతే. మార్కులు లేవు, మెచ్చుకోలూ లేదు. వచ్చే సోమవారానికి మళ్లీ రాసుకు రమ్మన్నారు. ముందు రోజు ఏం జరుగుతుంది, అందరూ అన్నాలు తిని పడుకుని ఉంటారని నాలో నేనే సణుక్కుంటూ ఇంటికి వచ్చాను.

మా పక్కిల్లు అద్దకం వాళ్లది. చెక్క అచ్చులతో గుడ్డల మీద లతలూ పువ్వులూ అద్దడం వాళ్ల తాతల నాటి పని. ఒకప్పుడు ఆ గుడ్డలు బందరు రేవు నుంచి ఓడలెక్కి పారశీక దేశం దాకా వెళ్లేవట. నా రోజులకి ఆ వైభవం పోయి, పని దాదాపు మూలపడింది. ఆ ఇంటి యజమానిని నేను మావయ్యగారూ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒకటే. ఆయనకి సంతకం తప్ప చదువు రాదు. కాని అచ్చు మీద అచ్చు పెడితే వెంట్రుక వాసి తేడా వచ్చేది కాదు. ఆయన పని చేస్తుంటే చూడటం నాకు సినిమా చూసినంత. కరక్కాయ రసంలోనూ గేదె పాలలోనూ నానబెట్టి ఆరేసిన గుడ్డల వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

వాళ్ల పనిలో ఒక చిత్రం ఉంది. నల్లరంగు అద్దితే అద్దినట్టు కనపడుతుంది. ఎరుపు అలా కాదు. ఎర్రగా రావలసిన చోట ముందు పటిక నీళ్లు అద్దుతారు. అది కంటికి ఆనదు. నాలుగు రోజులు ఆరనిచ్చి, కాలువలో జాడించి, ఎర్రరంగు దిగే చిరివేరు వేసిన రాగి కాగులో ఉడకబెడితే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నల్లరంగు చేతికంటితే చూసి కడుక్కుంటాం. పటిక అంటితే అంటినట్టే తెలియదు. అందుకే పటిక అద్దే రోజు ఆ ఇంట్లో పిల్లల్ని బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు.

అయినా మంగళవారం సాయంత్రం నేను వెళ్లాను. నా గోడు వినడానికి మా ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. మావయ్యగారు ఒక పెద్ద దుప్పటికి పటిక అద్దుతున్నారు. చాలా రోజుల తరవాత బందరు వర్తకుడు ఒకాయన అడిగిన దుప్పటి అది. నేను ఆయనకి పటిక పళ్లెం దగ్గరికి జరిపిస్తూ మాస్టారి మీద ఫిర్యాదులు మొదలుపెట్టాను. ఆయన ఇంకో అచ్చు కోసం గూట్లోకి వంగారు. "రాజు గారి కోట మీద పడ్డ రోజే కదండీ విప్లవం వచ్చింది, ముందు రోజుతో ఏం పని?" అంటూ నేను కోపం కొద్దీ పటిక నీళ్లు అంటిన తడి చెయ్యి తీసి ఆ గుడ్డ మీద ఒక్కటి చరిచాను.

వెంటనే వంగి చూశాను. ఏమీ కనపడలేదు. తెల్ల జాగా తెల్లగానే ఉంది. మావయ్యగారు ఇటు తిరిగేసరికి చెయ్యి పరికిణీకి తుడిచేసుకుని నిలబడ్డాను. కనపడనప్పుడు చెప్పడమెందుకు అనుకున్నాను. బుధవారం కనపడలేదు. గురువారం, శుక్రవారం దండెం కింద నుంచి వెళ్తూ ఓరకంట చూశాను, అప్పుడూ లేదు. శనివారం కాలువలో జాడించినప్పుడు ఉన్నదేదైనా కొట్టుకుపోయి ఉంటుందని నిశ్చింతగా నిద్రపోయాను. వ్యాసం మాత్రం ఒక్క ముక్క ముందుకు నడవలేదు.

ఆదివారం పొద్దున కాగు కింద మంట వేశారు. గుడ్డని కర్రతో తిప్పుతుంటే పువ్వులు ఒక్కొక్కటే ఎర్రబడటం చూడాలని ఎప్పటిలాగే నేనూ చేరాను. బయటికి తీసి పరిచారు. లతలూ, పువ్వులూ, అంచున చిలకలూ, ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పలేను. ఆ చిలకల పక్కన, ఏమీ ఉండకూడని చోట, అయిదు వేళ్లతో ఒక చిన్న ఎర్ర చెయ్యి.

మావయ్యగారి భార్య ఆ చేతికేసి చూసింది, తరవాత నా కేసి చూసింది. "వారం రోజుల చాకిరీ. ఆ బందరాయనకి ఏం చెప్తాం?" అని గొంతు పెంచింది. మావయ్యగారు ఆవిడని ఆపి, "కోప్పడితే మంగళవారమే కోప్పడాలి. ఇప్పుడేం లాభం?" అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఆ ఎర్ర చెయ్యి మీద ఆనించారు. సరిగ్గా సరిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"నీకు తెలుసామ్మా?" అని అడిగారు.

"తెలుసండీ."

"అప్పుడే చెప్తే నిమ్మకాయ రసం పిండి తుడిచేసేవాడిని. తడి మీదైతే పోతుంది. చెప్పలేదేం మరి?"

"కనపడలేదుగా మావయ్యగారూ."

ఆయన నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. కాగు వైపు చెయ్యి చూపించి, "గుడ్డంతా ఈ నీళ్లలోనే ఉడికింది గదా, ఎరుపు అంతటా ఎందుకు రాలేదు?" అన్నారు. పటిక ఉన్న చోటే వస్తుందన్నాను. పటిక ఎప్పుడు పడిందన్నారు. మంగళవారం అన్నాను. "మీ మాస్టారు అడిగిందీ అదేనేమోనమ్మా. ఇందాక నువ్వన్న ముక్క ఉంది చూడు, కనపడలేదుగా అని. ఆ రాజు గారు కూడా అదే అనుకునుంటాడు" అన్నారు.

నేను ఏడుపు మరిచిపోయి ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను. ఆ దేశం ఎక్కడుందో ఆయనకి తెలియదు. నా గొణుగుడంతా విని, తన చేతిలో ఉన్న పనితో దాన్ని అర్థం చేసుకున్నారు. అంత పెద్ద చదువు నేను తరవాత ఏ కాలేజీలోనూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని ఎనిమిది పేజీలూ పక్కన పడేసి కొత్తగా రాశాను. వాచకంలో ముందు పేజీలు తిరగేస్తే అన్నీ అక్కడే ఉన్నాయి. పన్నులు, పంట పోయిన ఏళ్లు, రొట్టె దొరకని ఇళ్లు. అవి చప్పగా ఉన్నాయని నేనే దాటేశాను. కోట సంగతి ఆఖరి పేజీకి వచ్చింది. ఇవేవీ రాజుకి కనపడలేదు, కనపడనివి లేవనుకున్నాడు అని రాశాను. మాస్టారు సోమవారం చదివి, నా పేరు బందరు పంపే కాగితం మీద రాసుకున్నారు.

బందరులో నాకు బహుమతి రాలేదు. నాయనమ్మ అదే పట్టుకుంది. నాన్నగారు మాత్రం షరతు పంపడం వరకే గాని గెలవడం దాకా లేదని తల్లితో మొదటిసారి గట్టిగా అన్నారు. జూన్‌లో ఫోర్తు ఫారంలో చేరాను. మావయ్యగారు ఆ దుప్పటి అంచు జానెడు మేర కత్తిరించి, పొట్టిదాన్నే బందరాయనకి ఇచ్చారు. కత్తిరించిన ముక్కని, నేను స్కూలుకి వెళ్లిన మొదటి రోజు, మావయ్యగారి భార్యే స్వయంగా మడిచి నా చేతిలో పెట్టింది. "నీ ముద్ర నీ దగ్గరే ఉంచుకో" అంది. అప్పటికి ఆవిడ కోపం పోయింది.

నేను టీచరునయ్యాక పిల్లలు ఎన్ని విప్లవాలు, ఎన్ని యుద్ధాలు రాసుకొచ్చినా కింద నేను రాసింది ఒకటే ప్రశ్న, మా మాస్టారి ప్రశ్న. మావయ్యగారు లేరు. ఆ గుడ్డ ముక్క నా బీరువాలో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా దాని ఎరుపు తగ్గలేదు. అప్పుడప్పుడూ తీసి ఈ ముడతల చెయ్యి దాని మీద పెట్టి చూసుకుంటాను. ఇప్పటికీ నోరు జారి ఎవరినైనా ఒక మాట అంటే, వాళ్ల ముఖంలో ఏమీ కనపడకపోయినా సరే, ఆ పూటే వెళ్లి తప్పు నాదేనని చెప్పేసి వస్తాను. నిమ్మకాయ పనిచేసేది తడి ఆరకముందే కదా.