మూసేసిన కిటికీ

మా ఆయన బహదూర్ చంద్రగిరి కోటలో ఇరవై ఆరేళ్లు గైడుగా పనిచేశాడు. అన్నేళ్లలో ఆయన నోట "నాకు తెలియదు" అనే మాట నేను ఒక్కసారీ వినలేదు. తిరుపతిలో దర్శనం ముగించుకుని బస్సు దిగిన యాత్రికులు ఏది అడిగినా జవాబు ఉండేది. రాణి నడిచిన దారి, సైనికుడు దూకిన గోడ, ఏ రాయికి ఆ కథ. అక్కడి గైడులందరిదీ అదే పద్ధతి. తెలియదన్నవాడిని వదిలేసి జనం పక్క గైడు దగ్గరికి వెళ్లిపోతారు.

1998లో మా అబ్బాయి ఫుర్కాన్ మమ్మల్ని ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి తీసుకొచ్చాడు. రెండువేల సంవత్సరం వచ్చేలోపు ఒక బ్యాంకు కంప్యూటర్లలో తేదీలు సరిచేయడం వాడి ఉద్యోగం. అక్కడ కానింగ్ వేల్ అనే పేటలో ఇల్లు. ఆయన దగ్గర్లోని కూరగాయల మార్కెట్లో పెట్టెలు సర్దే పనికి కుదిరాడు. కష్టమైన పనేమీ కాదు. అయినా మనిషి సన్నబడ్డాడు. ఒకరోజు టీ తాగుతూ, "ఈడ నన్నెవరూ ఏమీ అడగరు మరియం," అన్నాడు.

మరుసటి ఏడు అక్టోబరులో పేపర్లో ప్రకటన చూశాం. పెర్త్ పక్కనే ఉన్న ఫ్రీమాంటిల్ రేవులో ఇంగ్లీషువాళ్లు సున్నపురాయితో కట్టుకున్న పాత ఊరు ఉంది. ఆ వీధుల్లో జనాన్ని నడిపిస్తూ చూపించడానికి ఆదివారాలకు ఒక గైడు కావాలి. ముందు ఒక పరీక్ష నడక ఉంటుంది. పదిమందిని తీసుకుని నడవాలి, గ్వెన్ అనే ఆవిడ కాగితాలు పట్టుకుని వెనక వస్తుంది. ఆవిడ సంతకం పెడితే బ్యాడ్జి ఇస్తారు.

కంపెనీ పన్నెండు పేజీల పాఠం పంపింది. ఆయన పెరట్లో బట్టల తీగల చుట్టూ తిరుగుతూ దాన్ని కంఠతా పట్టాడు. ఫుర్కాన్‌కి మాత్రం నమ్మకం కుదరలేదు.

"అబ్బాజాన్, వాళ్లు పంపిన పేజీల్లో ఉండేదే చెప్పండి. ఈడ అన్నిటికీ రికార్డ్స్ ఉంటాయి. చంద్రగిరి స్టోరీలు చెప్తే ఎవరో ఒకరు క్యాచ్ చేస్తారు."

వాడి పని సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తేదీ చివర రెండు సున్నాలు కనబడితే ఏ సంవత్సరమో ఆ యంత్రానికి తెలియదు. తెలియదని ఒప్పుకోదు, పంతొమ్మిది వందలని రాసేసుకుంటుంది. అందుకని ఆయన ఎత్తిపొడిచాడు. "అవి చెప్పే అబద్ధాలు దిద్దేదానికి నిన్ను పిలిపించుకున్నారు. నావి వినేదానికి జనం బస్సుల్లో వస్తా ఉండిరి, పో."

పరీక్షనాడు పదిమందిలో నేనూ ఒకదాన్ని. ఒంటిగంటకి రౌండ్ హౌస్ అనే పాత జైలు దగ్గర ఫిరంగి పేలుస్తారు. ఆలోపు అందరినీ అక్కడికి చేర్చాలి. ఆయన మొదటి వీధి బాగా దాటించాడు. రెండో వీధిలో జనం నవ్వారు. వెనక గ్వెన్ కలం కాగితం మీద కదులుతూనే ఉంది. చూడకూడదనుకుంటూనే తిరిగి తిరిగి చూశాను.

పాత గిడ్డంగి ఒకటి వచ్చింది. తెల్లజుట్టు ముసలావిడ ఆగి పైకి చూపించింది. గోడ మీద ఎత్తుగా, రాళ్లతో మూసేసిన కిటికీ. అదెందుకు మూశారని అడిగింది. పన్నెండు పేజీల్లో ఆ కిటికీ లేదు.

ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వ్యాపారి కూతురు ఆ కిటికీలోంచి ఒక నావికుడి ఓడ కోసం చూసేదన్నాడు. ఓడ రాలేదు. ఏళ్ల తరబడి అక్కడే నిలబడ్డ కూతుర్ని చూడలేక తండ్రి రాళ్లతో మూయించేశాడట. అందరూ పైకి చూశారు. మా చంద్రగిరి కోటలో రాజమహల్ మేడ మీది కిటికీకి ఆయన చెప్పే కథే అది. ఓడ బదులు గుర్రం ఉండేది.

ముసలావిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. తన తాత ఈ గిడ్డంగిలోనే మూటలు మోశాడట. మంచం పట్టిన అక్క చిన్నప్పటినుంచీ ఆ కిటికీ సంగతే అడుగుతోందట. ఈ సాయంత్రమే వెళ్లి చెబుతానంది.

అప్పటినుంచి ఆయన గొంతు మారింది. పాఠం తప్పు లేకుండానే వస్తోంది, కానీ చేతి గడియారం పట్టీని తిప్పుతూనే ఉన్నాడు. చంద్రగిరి యాత్రికులు బస్సెక్కి వెళ్లిపోయేవారు, ఆయన కథ ఏ ఇంటికి చేరిందో ఆయనకు తెలిసేది కాదు. పన్నెండూ యాభైకి రౌండ్ హౌస్ మెట్ల దగ్గరికి చేరాం. ఇక చివరి పేజీ చెప్పేస్తే చాలు. చెప్పేయమని మనసులో బతిమాలుకున్నాను.

ఆయన ముసలావిడ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. అందరికీ వినబడేలా, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు.

"అమ్మా, ఆ కిటికీ కథ నేను కల్పించింది. మీ అక్కగారికి చెప్పకండి. అదెందుకు మూశారో నాకు తెలియదు."

ముసలావిడ తను రాసుకున్న కాగితం వంక చూసింది. దాన్ని చింపి, మడిచి సంచిలో వేసుకుంది. ఫిరంగి పేలితే నేను ఉలిక్కిపడ్డాను. ఆయన కదల్లేదు.

గ్వెన్ సంతకం పెట్టలేదు. లేనిది చెప్పిన గైడుని పాస్ చేయడానికి కంపెనీ ఒప్పుకోదంది. నాలుగు అడుగులు వేశాక వెనక్కి తిరిగింది. డిసెంబరు మొదటి ఆదివారం ఇంకో పరీక్ష ఉందని, వచ్చేటప్పుడు ఆ కిటికీ సంగతి కనుక్కుని రమ్మని చెప్పింది.

మార్కెట్లో పని లేని రోజులన్నీ ఆయన ఫ్రీమాంటిల్ లైబ్రరీలోనే కూర్చున్నాడు. మూడో వారంలో గిడ్డంగి పాత పటం దొరికింది. అది కిటికీ కాదు. పై అంతస్తుకి తాళ్లతో మూటలు లాగే గుమ్మం. లోపల మెట్లు కట్టుకున్నాక దాని అవసరం తీరిపోయింది. కథేమీ లేదు. గ్వెన్‌ని అడిగి ముసలావిడ అడ్రసు తెచ్చుకుని ఉత్తరం రాశాడు. మూటలు లాగింది బహుశా తమ తాతేనని అక్క సంబరపడిందని జవాబొచ్చింది. డిసెంబరులో బ్యాడ్జి చేతికొచ్చింది.

ఆ తర్వాత ఆరేళ్లు ఆదివారాల్లో ఆయన జేబులో ఒక నోటు పుస్తకం ఉండేది. ఎవరేమడిగినా తెలియకపోతే తెలియదని చెప్పి ప్రశ్న రాసుకునేవాడు, వెతికి జవాబు పంపేవాడు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. కొన్ని ప్రశ్నల కింద ఖాళీలు అలాగే ఉన్నాయి.

ఆయన ఆసుపత్రిలో ఉన్న ఆఖరి వారంలో డాక్టరుని, ఆయనకి ఇంకెన్నాళ్లని నేనే అడిగాను. ఆ కుర్ర డాక్టరు మందుల గురించి, పరీక్షల గురించి చాలాసేపు చెప్పి వెళ్లాడు. మంచం మీంచి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పిల్లోడికి తెలీదు మరియం," అన్నాడు. "తెలీదని చెప్పేది ఇంకా అలవాటు కాలేదు, పాపం."