సగం సినిమా హీరో

ఆ రోజుల్లో ఎవరిని చూసి నేర్చుకోవాలో తెలియదు గానీ, పైకి రావాలన్న తొందర మాత్రం నాకు చాలా ఉండేది. దోహాలో ఒక బిల్డింగ్ సైట్‌లో హెల్పర్‌ని. స్టోర్‌కీపర్ కావాలంటే ఇంగ్లిష్ రావాలన్నారని, శుక్రవారాలు క్యాంప్ నుంచి బస్సెక్కి ఉమ్ ఘువైలినా పేటలో ఉండే ఒక రాజమండ్రి టీచరమ్మ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆవిడ ఒక వారం పాత నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా పెట్టారు. మిల్లులో పనిచేసే పేదవాడు, తనను ప్రేమించిన కుట్టుపని పిల్లను వదిలి, యజమాని కూతురి చెయ్యి పట్టుకుని పైకెళ్తాడు. కోటు వేస్తాడు, మొహం పక్కకు తిప్పి తక్కువగా మాట్లాడతాడు. సగంలో నాకు బస్సు వేళయింది. "మిగతాది వచ్చేవారం చూద్దురుగాని, అసలు కథ అందులోనే ఉంది," అన్నారావిడ. నాకు ఆ సగమే చాలనిపించింది. (మా యజమానికి కూతుళ్ళున్నారో లేదో కూడా నాకు తెలియదు.)

మర్నాడు ఊరినుంచి మామ కూతురు, నాకే అనుకున్న మరదలు, బీడీలు చుడుతూ వీడియో కాల్ చేసింది. "మెడ పట్టిందా బావా, గట్ల గోడ దిక్కు జూస్తున్నవ్?" అంది. తరవాత గొంతు తగ్గించి, "నాయిన ఇంకో సంబంధం జూస్తున్నడు. నీ మనసుల ఏమున్నదో జెప్పు," అంది. నేను మొహం ఇంకాస్త పక్కకు తిప్పి, "నా జీవితం పెద్ద మలుపులో ఉంది," అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. బాగా పలికానని నేను సంతోషించాను.

మరుసటి శుక్రవారం మిగతా సగం చూశాను. హీరో పెద్ద బంగళాలో, పొడవాటి బల్ల ముందు ఒక్కడే కూర్చున్నాడు. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఆ కుట్టుపని పిల్ల ఇంకొకరి భార్యగా వీధిలో ఎదురుపడి, గుర్తుపట్టనట్టు వెళ్ళిపోయింది. నేను క్లాసు మధ్యలోనే లేచి మెట్లమీదికొచ్చి మరదలికి ఫోన్ చేసి, ఉన్నదంతా చెప్పాను.

"సగం సినిమా జూసి నన్ను సగంల ఇడిసిపెట్టినవా?" అంది. ఆపైన, "ఆదివారం సంబంధపోల్లు వస్తున్నరు," అంది.

"రావద్దని జెప్పు."

"నేనెందుకు జెప్త? నువ్వే జెప్పు." ఫోన్ మామ చేతికిచ్చింది.

మరదల్ని నాకే ఇమ్మని తడబడుతూ అడిగాను. మామకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల తిండి మంచిగ దొరుకుతున్నదా, గొంతు గట్లున్నది?" అన్నాడు. అది ఒప్పుకోవడమని మరదలు తరవాత చెప్పింది.

ఇంకో రెండేళ్ళు నట్లూ బోల్టులూ లెక్కపెట్టాకే స్టోర్‌కీపర్నయ్యాను. వచ్చే నెల మరదలు, ఇప్పుడు నా భార్య, విజిట్ వీసా మీద వస్తోంది. నిన్న అద్దె గదికి కర్టెన్లు కొనబోయి, పచ్చవా నీలివా అని తేల్చుకోలేక అరగంట నిలబడ్డాను. చివరికి రెండూ కొన్నాను. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ.