మడవని కాగితం

బడులు తెరిచే రోజుల్లో మా ఇల్లంతా ఖాకీ కాగితం వాసన. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడానికి మా అమ్మాయి నేల మీద కాగితం పరుచుకుని కూర్చుంటుంది. కొంచెం గడ్డి వాసన, కొంచెం జిగురు వాసన, వాటి మధ్య కత్తెర ఆగకుండా పరుగెత్తే చప్పుడు. మొన్న ఆ చప్పుడు విని వంటింట్లోంచి వచ్చి చూస్తే, దాని చేతిలో ఉన్నది నా బట్టల కత్తెర.

"అది బట్టకే అని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"కోసేది కాగితమో బట్టనో కత్తెరకేం తెలుసమ్మా?" అంది తల ఎత్తకుండానే.

"కత్తెరకు తెల్వదు. కోసేటోళ్లకు తెల్వాలె."

ఆ మాట నాది కాదు. ఎదుటివాళ్ల నోరు మూయించడానికి నేను వాడే మాటల్లో సగం రుక్మాబాయి టీచరువి. మిగతా సగం ఆమెతో పోట్లాడడానికి నేనే తయారు చేసుకున్నవి.

పోలీసు యాక్షన్ అయిన రెండు మూడేళ్లకు ఆమె గుల్బర్గా వైపు నుంచి వికారాబాద్ వచ్చింది. తమ్ముడికి రైల్వేలో ఉద్యోగం. స్టేషన్ దగ్గరి క్వార్టరులో ముందుగది ఖాళీ చేయించి, మధ్యాహ్నం పూట ఆడపిల్లలకు కటింగు, కుట్టు నేర్పేది. నేను తాండూరు పిల్లను. మా నాన్నది కందిపప్పు వ్యాపారం. తొమ్మిదో తరగతి కాగానే ఆడపిల్లకు ఈ చదువు చాలునని తేల్చి, వికారాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉండి కుట్టు నేర్చుకొమ్మని పంపించాడు. చేతికి పని దొరికితే నోటికి పని తగ్గుతుందని ఆశపడ్డాడు కూడా. అది జరగలేదు. వెళ్లిన వారానికే నాకు టీచరు "వకీలమ్మ" అని పేరు పెట్టింది. గది నిండా ఉన్న పిల్లలు ఆ తర్వాత నా అసలు పేరు మరిచిపోయారు.

టీచరు పొట్టి మనిషి. నడుముకు దోపిన కొంగు, మెడలో టేపు, రైలు కూతను మించిన గొంతు. ఆమె మెత్తని మనిషి అని ఎవరైనా అంటే వాళ్లు ఆమెను చూడలేదని అర్థం. గీత వంకరపోతే స్కేలు వేళ్ల మీద పడేది. తాను పూనాలో నేర్చుకున్నానని రోజుకోసారైనా చెప్పేది. ఒకరోజు నేను ఉండబట్టలేక, "సర్టిఫికెట్ చూపిస్తరా టీచర్?" అని అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏం, తొడుక్కుంటవా?" అంది. సర్టిఫికెట్ ఉన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె గడప తొక్కనివ్వనిది ఒక్కటే, ఆది. అప్పట్లో మా వైపు ఆడవాళ్లెవరూ ఒంటికి టేపు పెట్టించుకునేవాళ్లు కాదు. దర్జీ మగవాడు, అతని ముందు నిలబడటమే తప్పు. ఒక పాత రైక పంపిస్తే దాన్ని చూసి కొత్తది కుట్టి పంపేవాడు. ఆ పాత రైకే ఆది. కొత్తది పాతబడితే అది మళ్లీ ఆది అయ్యేది. మనిషి లావెక్కినా చిక్కినా ఆదికి పట్టింపు లేదు. మా పెద్దమ్మ ఆది రైక కుడిచేతికి పొయ్యి నిప్పు తగిలి కాలితే, అక్కడ ఒక పట్టీ అతికించుకుంది. దర్జీ ఎంత నమ్మకస్థుడంటే, ఆ తర్వాత కుట్టిన కొత్త రైకలన్నింటికీ కుడిచేతి మీద అదే పట్టీ వేసి పంపాడు. పెద్దమ్మ అలాగే తొడుక్కుంది. ఈ సంగతి విని టీచరు, "పాత రైక కాలితే కొత్త రైకలకు పట్టీలు పడ్డయి. ఇగ మీ పెద్దమ్మ చేతికి గూడ పట్టీ వెయ్యాలె గావచ్చు" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆమె పద్ధతి వేరు. ముందు ఒళ్లు కొలవాలి. కొలతను కాగితం మీద గీయాలి. కాగితం కోసి, కోరా బట్ట మీద పెట్టి, కుట్టి, తొడిగి చూశాకే అసలు బట్ట ముట్టాలి. తమ్ముడు స్టేషన్ నుంచి తెచ్చే పాత ఉర్దూ పత్రికలే మా కాగితాలు. గది నేలకు తాండూరు బండలు పరిచి ఉండేవి. రెండు బండలు కలిసే గీత దారం పట్టినట్టు తిన్నగా ఉంటుంది గనక, కాగితం అంచు దానికి ఆనించి మొదలుపెట్టేవాళ్లం. మొదటి పని కాగితాన్ని నడిమికి మడవడం. "దేవుడు మనిషిని నడుమ గీత గీసి రెండు దిక్కుల ఒక్క తీరుగ చేసిండు. మనం సగం గీస్తె చాలు, మిగిలిన సగం అదే వస్తది" అనేది. కుడిపక్క మాత్రమే కొలిచేది. పూనాలో అలాగే నేర్పారట.

ఈ రూలు మా అనసూయక్క దగ్గర ఆగిపోయింది. అక్క మా పెద్దమ్మ కూతురు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. పుట్టుకతోనే ఆమె ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది. ఎండాకాలమైనా కొంగు చుట్టూ కప్పుకునే తిరిగేది. అప్పటిదాకా ఉర్దూలో నడిచిన బడుల్లో తెలుగు చెప్పేవాళ్లకు గిరాకీ వచ్చిన కాలం అది. అక్క ట్రైనింగ్ పూర్తి చేసింది, తాండూరు ఆడపిల్లల బడిలో చేరమని ఆర్డరు కూడా వచ్చింది. అక్క పోనంది. ట్రైనింగ్‌లో ఒకరోజు నల్లబల్ల మీద రాయడానికి కుడిచెయ్యి పైకెత్తితే, రైక ఎడమ భుజం మీది నుంచి జారిపోయిందట. పిల్లలు నవ్వారు. అక్క సుద్దముక్క అక్కడే పెట్టి బయటికి వచ్చేసింది.

"ఇంట్ల కూసుంటె అన్నం దొరకదా? పోకు బిడ్డా" అంది పెద్దమ్మ. ప్రేమతోనే అంది. ఆ ప్రేమ మీదే నాకు కోపం వచ్చి, అక్కను బలవంతంగా క్లాసుకు తీసుకుపోయాను.

టీచరు మొట్టమొదట అక్క రైక ఎడమ భుజంలో చెయ్యి పెట్టి, రెండు భుజాలు ఒక్క ఎత్తున కనబడాలని పెద్దమ్మ కుట్టించిన పత్తి ఉండను బయటికి లాగింది. "గీ పత్తి ఎవరు పెట్టిన్రు? మనిషికి రైక కుడతరు గని రైకకు మనిషిని కుడతరా?" అంది. అక్క ఆ మాటకు చిన్నగా నవ్వింది. నాకు ధైర్యం వచ్చింది. కాని ఆ తర్వాత టీచరు ఎప్పటిలాగే కుడిపక్క కొలిచింది, కాగితం మడిచింది, సగం గీసింది. కోరా బట్టతో నేను కుట్టాను. అక్క తొడుక్కుని చెయ్యి ఎత్తింది. ఎడమపక్క జారింది.

"కుట్టు తప్పు. ఇప్పు" అంది టీచరు. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ జారింది. "చేతుల పనితనం లేకుంటె గిట్లనే ఉంటది. ఇప్పు" అంది. ఈసారి నేను విప్పలేదు.

"కుట్టు కాదు టీచర్. కాగితమే తప్పు."

గదిలో కత్తెర్లన్నీ ఆగిపోయాయి. "నా కాగితమా?"

"మీదే. ఎడమ భుజాన్ని మీరు కొలవనే లేదు."

"కుడి కొలిస్తె ఎడమ వస్తది. అది రూలు."

"రూలుకు వస్తది. మా అక్కకు రాలే."

ఆమె ముఖం ఎర్రబడింది. "వకీలమ్మా, రేపటి సంది నువ్వు రాకు. నీ అసుంటిదానికి నేర్పే చదువు నాకు రాదు" అని తలుపు వైపు చెయ్యి చూపింది.

దారిలో అక్క ఒక్క మాటే అంది. "నా భుజానికి గింత పంచాయతి ఎందుకు చెల్లె? నేను తాండూరు పోతలేను. అయిపాయె." బడులు తెరవడానికి ఇంకా కొద్దిరోజులే ఉంది. ఆ రోజున చేరకపోతే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. గెలిచిన వాదన ఎవరికీ పనికిరాకపోవడం నాకు అప్పుడే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే టీచరు మా పెద్దమ్మ గడప ముందు నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. నన్ను చూసి, "మధ్యాహ్నం అనసూయను తోలుకొని రా" అంది.

"నన్ను రావొద్దన్నరు గద."

"నిన్ను రమ్మని ఎవలన్నరు? ఆమెను తోలుకొని రా అన్న." అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మేం వెళ్లేసరికి పిల్లలంతా కూర్చుని ఉన్నారు. ఆమె కావాలనే అందరూ వచ్చేదాకా ఆగింది. అక్క కోసం గీసిన కాగితాన్ని పైకెత్తి, "నోడ్రి, అందరు చూడున్రి" అని తన కన్నడం కలిపి అంటూ నడిమికి చింపింది. చింపిన ముక్కల్ని మళ్లీ చింపింది.

"నాకు నేర్పినామె మడవమన్నది. నేను మిమ్ముల మడవమన్న. ఈ పిల్ల భుజం సంగతి మా ఇద్దరికి ఎరుక లేదు. కాగితం తప్పు. కుట్టు మంచిగనే ఉన్నది." తర్వాత నా వైపు తిరిగింది. "తీర్పు నీ దిక్కే వచ్చింది గద. ఇగ జర నోరు మూసుకొని టేపు పట్టు."

ఆమె సిగ్గుపడలేదు, గొంతు తగ్గించలేదు. చింపిన కాగితాన్ని చీపురుతో మూలకు నెట్టి, అక్క చేతిలో సుద్దముక్క పెట్టింది.

"గోడ మీద రాయి."

"ఏం రాయాలె?" అంది అక్క.

"రేపు ఆ పిల్లలకు మొదలు ఏం రాస్తవో, గది."

అక్క చెయ్యి పైకెత్తి రాయడం మొదలుపెట్టింది. అ, ఆ, ఇ, ఈ. ఆమె రాస్తుండగానే టీచరు కొలతలు తీసింది. మెడ నుంచి రెండు భుజాలకు వేర్వేరుగా, చంక నుంచి నడుముకు రెండు పక్కలా, వీపు అడ్డంగా. నేను టేపు పట్టుకున్నాను, ఆమె అంకెలు చదివింది. తర్వాత రెండు పత్రికలను అతికించి, మడవకుండా మొత్తం పరిచి, బండల గీతకు ఆనించి నడిమిన ఒక నిలువు గీత గీసింది. దానికి కుడిపక్క ఒక మనిషి, ఎడమపక్క ఇంకో మనిషి అన్నట్టు వచ్చింది బొమ్మ. ఎడమ భుజం గీత ఏటవాలుగా దిగింది, ఆ పక్క చంక కిందికి జరిగింది. చూసి వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"కాగితం వంకరగనే ఉండాలె. గప్పుడే రైక సక్కగుంటది" అంది టీచరు, తల తిప్పకుండా.

రైక కుట్టింది నేనే. అక్క తొడుక్కుని గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. ఎక్కడా జారలేదు. తర్వాత ఎవరూ చెప్పకుండానే భుజాల చుట్టూ కప్పుకున్న కొంగు తీసి, టీచరులాగే నడుముకు దోపుకుంది. అలాగే ఇంటికి వెళితే, పెద్దమ్మ అది చూసి నలుగురి మధ్య కొంగు జారినట్టు గాబరా పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

తాండూరు రైలులో అక్కతో పాటు నేనూ వెళ్లాను. మొదటిరోజు బడి కిటికీ దగ్గర నిలబడి చూశాను. అక్క నల్లబల్ల మధ్యలో, చెయ్యి ఎక్కువ ఎత్తాల్సిన పని లేని చోట, చిన్నగా ఒక అక్షరం రాసింది. వెనక వరుసలో ఒక పిల్ల లేచి, "పంతులమ్మా, కనిపిస్తలేదు. జర పైన రాయవా" అంది. అక్క బల్లకు అన్నిటికంటే పైన, మడమలు లేపి మరీ, పెద్ద అక్షరం రాసింది. నేను అక్కడి నుంచి ఇంటికి వెళ్లిపోయాను. ఇంక చూసేదేమీ లేదు.

మరుసటి ఏడు నేను నాన్నతో వాదించి మళ్లీ బడికి, ఆ తర్వాత హైదరాబాద్‌లో కాలేజీకి వెళ్లాను. చెప్పడానికి పోతే టీచరు, "పో. గెలుసుడు నీకు మస్తు వచ్చు. అక్కడ ఇంకోటి ఏమన్న నేర్పుతరేమో చూడు" అంది. నేను సెలవులకు వచ్చేసరికి తమ్ముడికి బదిలీ అయ్యి వాళ్లు వాడి జంక్షన్ వైపు వెళ్లిపోయారు. మళ్లీ కలవలేదు. ఆ ఇంకోటి ఏమిటో కాలేజీలో నేర్పలేదు, అది నాకు ఆమె ముందుగదిలోనే కనిపించింది. తాను గీసిన కాగితాన్ని తన పిల్లల ముందే చింపి, ఆ వెంటనే ఏమీ తగ్గనట్టు టేపు పట్టమనడం. కనిపించడం వేరు, చేతికి రావడం వేరు.

మా అమ్మాయితో కత్తెర పోట్లాట అయిన సాయంత్రమే అనసూయక్క తాండూరు నుంచి వచ్చింది, సెలవులు అయ్యేలోగా రైకలు కోయించుకోవడానికి. ఆమె రైకలకు కాగితం నేనే గీస్తాను, కుట్టేది ఇక్కడి దర్జీ. పెట్టెలోంచి పాత కాగితం తీసి బట్ట మీద పరుస్తుంటే, అక్క మెల్లగా అంది, "ఈ నడుమ మళ్ల జారుతున్నదే చెల్లె."

"దర్జీ కుట్టు తప్పు" అన్నాను. మాట పూర్తిగా బయటికి వచ్చాక అది టీచరు గొంతని గుర్తుపట్టాను.

అక్క జుట్టు సగం తెల్లబడింది. కుడి భుజం కూడా కొంచెం దిగినట్టుంది. నేను ఆమెను కొలిచి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. పాత కాగితం మీదే కొత్త కాగితం పెట్టి ఏటా గీస్తూ వచ్చాను. ఆది అంటే ఇంతకంటే వేరేముంటుంది? మా అమ్మాయి అట్టలు వేయడం ఆపి చూస్తోంది. దాని ముందే పాత కాగితాన్ని చింపాను.

అది అట్టలకు మిగిలిన ఖాకీ కాగితాన్ని నా వైపు జరిపింది, దాని మీద కాగితం కోసే కత్తెర పెట్టింది. నేను కాగితాన్ని మడవకుండా నేల మీద పరిచి, సుద్దముక్క అక్కకు ఇచ్చాను. అక్క కొంగు నడుముకు దోపుకుని గోడ దగ్గరికి నడిచింది. ఏం రాయాలని ఈసారి అడగలేదు.