స్ప్రింగుల బల్ల

డెబ్బైల నడిమి మాట. చింతామణి బజారులో ముందు వైపు మా మామ అంగడి, వెనక ఇల్లు. అటక మీది నుంచి మిరపకాయల మూట దించబోయి నిచ్చెన జారి వెల్లకిలా పడ్డాను. నడుములో ఎముక చిట్లిందని, మూడు నెలలు కదలకూడదని చిక్కబళ్లాపురం ఆస్పత్రిలో చెప్పారు. కదలలేదు. ఎముక అతుక్కుంది కానీ లేచి నిలబడబోతే కాళ్లు నావి కానట్టు వణికాయి. తొడల్లో కండ లేదు.

ఆ మూడు నెలలూ నా పనంతా మా చిన్న తోడికోడలు చేసింది. గుడిబండె పిల్ల, ఇరవై నిండలేదు, తండ్రి లేడు. వీధి చివరి బోరింగు నుంచి నా వంతు నీళ్లూ తన వంతు నీళ్లూ తనే మోసింది. రుబ్బురోలు దగ్గరా తనే కూర్చుంది. నన్ను పక్కకు తిప్పి ఒళ్లు తుడిచిందీ తనే.

బాగేపల్లి నుంచి మా నాన్న వచ్చి నన్ను చూసి, ఎవరినీ అడగకుండా బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ రోగులకు కసరత్తు నేర్పే ఒకావిడ ఉండేది. ఎముక బాగుంది, దాన్ని మోయాల్సిన కండే ఎండిపోయింది, పడుకుంటే అది తిరిగి రాదు అని కన్నడంలో చెప్పింది. చాప మీద పడుకోబెట్టి, ఊపిరి వదులుతూ పొట్టను వెన్నుకు అంటుకునేలా లోపలికి లాక్కోమంది. మోకాళ్లు ముడిచి, నడుమును ఒక్కొక్క పూసగా పైకి లేపి, అంతే నిదానంగా దించమంది. రెండుసార్లకే చెమట పట్టింది.

ఆ గదిలో ఒక బల్ల ఉండేది. చెక్క చట్రం మధ్య ముందుకూ వెనక్కూ జారే పలక, దానికి స్ప్రింగులు. పలక మీద పడుకుని పాదాలతో అడ్డకమ్మీని నెట్టాలి. నెట్టేటప్పుడు స్ప్రింగులు ఎదురు లాగుతాయి. వెనక్కు వచ్చేటప్పుడు ఆ లాగుడుకు లొంగకుండా మనమే ఆపుకుంటూ రావాలి. నిలబడలేని మనిషికి పడుకోబెట్టి నిలబడటం నేర్పే బల్ల అది. ఈమధ్య బెంగళూరులో మనవరాలి వెంట వెళ్తే, అద్దాల గదిలో అలాంటివి వరసగా కనిపించాయి. పిలాటీస్ అంటారట. ఆడపిల్లలు పాటలు పెట్టుకుని, నవ్వుతూ చేస్తున్నారు. నేను ఎక్కువసేపు అక్కడ నిలబడలేకపోయాను.

నాన్న ఆ బల్ల కొలతలు రాసుకుని, బాగేపల్లిలో బండ్లు చేసే ఆచారితో అలాంటిదే చేయించి పంపాడు. మా అత్తకు అది నచ్చలేదు. కానీ నాన్న సరుకు పంపకపోతే మా అంగడి నడవదు. అందుకని నోరు మూసుకుంది.

రోజూ రెండు పూటలా చేశాను. రెండో నెలలో గోడ పట్టుకోకుండా నిలబడ్డాను. నాలుగో నెలలో బజారుకు నడిచాను. ఆ తర్వాత నిండు బిందె ఎత్తాను. పడకముందు కూడా నాకు అంత బలం లేదు. అత్త మాత్రం వచ్చినవాళ్లందరికీ తన మొక్కు ఫలించిందని చెప్పుకుంది.

నేను లేచి తిరిగేసరికి చిన్నామెకు నడుము పట్టేసింది. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చింది.

"అక్కా, కూసుంటే లేసేకి అయితా లేదు. కాల్లోకి గుంజుతాండాది. నాకూ అది నేర్పిస్తావా?"

అత్త నిద్రపోయాక తలుపు దగ్గరగా వేసి నేర్పాను. ఎనిమిది రోజులు. ఎనిమిదో రోజు పిల్ల ముఖం వెలిగిపోయింది. "ఈ పొద్దు కింద పడిన చెంబు వంగి తీసుకుంటి అక్కా!" అంది.

తొమ్మిదో రోజు అత్త తలుపు తోసింది. చిన్నామె చీర కుచ్చెళ్లు దోపుకుని, పాదాలు కమ్మీ మీద పెట్టి పలక మీద పడుకుని ఉంది.

"ఏం మే, ఇదేమన్నా పైల్వాన్లు సాము చేసే గరిడీ అనుకుంటివా? బిడ్డ పడాల్సిన కడుపు. ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది?" అని అరిచి, నా వైపు తిరిగింది. "నువ్వు నేర్పిస్తివా?"

"నేను వద్దంటి అత్తా. అదే వినకుండా ఎక్కింది," అన్నాను.

చిన్నామె నన్ను చూసింది. అలాగే లేచి, కుచ్చెళ్లు దించుకుని, "అవునత్తా, నాదే తప్పు," అంది.

అత్తకు భయపడి అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనలేరు. అసలు సంగతి వేరు. ఆమె కూడా రోగి అయితే ఆ బిందెలు ఎవరు మోయాలి? మోయగలిగినదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే. నా నోరు ఆ లెక్క నాకంటే ముందే వేసుకుంది.

మర్నాడు బల్ల విప్పేశారు. పలకలు అంగడిలో బెల్లం దిమ్మెల కింద వేశారు. నేను మాత్రం నా గదిలో గడియ పెట్టుకుని చాప మీద చేస్తూనే ఉన్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. పక్క గదిలో ఆమె పిండి రుబ్బుతుంటే నా ఊపిరి నేను లెక్కపెట్టుకునేదాన్ని.

ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టారు. ముప్పై దాటేసరికి ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి నడవడం మొదలుపెట్టింది. ఎనభైల్లో అత్త పోయాక, ఇప్పుడైనా నేర్పుతాను రమ్మన్నాను.

"ఇప్పుడేంటికి లే అక్కా. నీళ్లు కొళాయిలోనే వస్తాండాయి గదా," అంది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బలవంతంగా చిక్కబళ్లాపురం తీసుకుపోయి కొత్త డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పట్టి చూసి, మొదట్లోనే కసరత్తు చేయించి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదన్నాడు. ఇంట్లో ఎవరూ చెప్పలేదా అని అడిగాడు. ఆమె నా వైపు చూడలేదు. తెలీదని చెప్పింది.

తిరుగు బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. ఆమె కాలు పైకి రాలేదు. వెనకనుంచి జనం తోస్తున్నారు. నేను నడుము కింద చేయి వేసి ఆమెను అమాంతం ఎత్తి లోపల నిలబెట్టాను. నాకు కొంచెం కూడా ఆయాసం రాలేదు.

సీట్లో కూర్చున్నాక కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "నీకు బలం శానా ఉండాదక్కా," అంది.